తెరపై తొలి ముద్ర

సినిమా కథతో మొదలు కాదు. హాలులో దీపాలు ఆరిపోయిన తరువాత, నటీనటుల పేర్లు రాకముందు, తెరపై కొన్ని క్షణాలపాటు ఒక బొమ్మ నిలుస్తుంది. అది ఆ చిత్రాన్ని నిర్మించిన సంస్థ ముద్ర. ఒక సంస్థకు బాకాలూదే కవల బాలురు, మరొక సంస్థకు రెపరెపలాడే జెండాపై కపిరాజు, ఇంకొక సంస్థకు శంఖం పూరించే శ్రీకృష్ణుడు. పెద్దలకు అది కుర్చీలో సర్దుకొని కూర్చోవడానికి చాలినంత వ్యవధి. పిల్లలలో చాలామందికి మాత్రం అది సినిమా మొత్తంలోకెల్లా కఠినమైన ఘట్టం. తెరపై మాంత్రికుడు కోరలు చూపినా కళ్లు విప్పార్చుకొని చూసే పసివాడు, ఈ ముద్ర ప్రత్యక్షం కాగానే తల్లి కొంగులో ముఖం దాచుకొనేవాడు. బొమ్మ మాయమైందని ఎవరైనా చెప్పిన తరువాతనే తల ఎత్తేవాడు.

ఈ భయాన్ని ఇంట్లోవారు నవ్వులాటగా తీసుకొనేవారు. బాకా ఊదే బాలుణ్ణి చూసి బెదరడమేమిటని ఎగతాళి చేసేవారు. కాని ఆ భయం అర్థం లేనిది కాదు. దానికి కారణాలున్నాయి. వాటిలో కొన్ని మనిషి మనస్సులో ఉన్నాయి, కొన్ని ప్రాచీన నాటక సంప్రదాయంలో ఉన్నాయి. మరికొన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలకు చిత్రాలు చేరిన తీరులో ఉన్నాయి.

ఈ మూడు పట్టణాలూ ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాకు చెందగా, సిరిసిల్ల మరొక జిల్లాకు కేంద్రమైంది. చలనచిత్ర వ్యాపారుల లెక్కలో మాత్రం ఇవన్నీ నైజాం ఏరియాలోని పట్టణాలే. సిరిసిల్ల అనగానే సాంచెలు గుర్తుకు వస్తాయి. మరమగ్గాలను అక్కడివారు సాంచెలంటారు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ఇంటింటా స్త్రీలు తునికాకును కత్తిరించి బీడీలు చుట్టి కుటుంబాలను పోషించుకొన్నారు. పగలంతా సాంచెల చప్పుడు మధ్య, తంబాకు ఘాటు మధ్య గడిపినవారికి సాయంకాలపు సినిమా హాలు పెద్ద ఊరట. ఆ ఊరటకు వాకిలిలో నిలిచిన ద్వారపాలకుని వంటిది సంస్థ ముద్ర.

ఈ ప్రాంత ప్రజలకు ఒక కళారూపం ముందు మరొక బొమ్మ నిలవడం కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డపై రచించిన పొడవైన పటాలను గ్రామాలలో విప్పుతూ కథ చెప్పడం తెలంగాణలో తరతరాల ఆచారం. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఆ కథను చెప్పడానికి ఒక్కొక్క గాయకవర్గం ఉండేవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని కూనపులివారు పటం చూపించి వినిపించేవారు. నేతపని ప్రధానమైన సిరిసిల్ల ప్రాంతంలో ఆ కథకు ఎంత ఆదరం లభించి ఉంటుందో ఊహించవచ్చు. పటం విప్పగానే మొదట కనిపించేది కథానాయకుడు కాదు, విఘ్నేశ్వరుడు. దేవతామూర్తులకు మొక్కిన తరువాతనే కథ కదులుతుంది. తోలుబొమ్మలాటలోనూ దీపపు వెలుగులో తొలుత తెరపైకి వచ్చే నీడ వినాయకునిదే.

ఇంకా వెనుకకు వెళితే భరతముని నాట్యశాస్త్రం ఈ ఆచారానికి ఒక కారణం చెబుతుంది. దేవతల ఎదుట తొలి ప్రదర్శన జరుగుతున్నప్పుడు విఘ్నకారకులు అదృశ్యంగా వచ్చి నటుల మాటలను, కదలికలను, జ్ఞాపకశక్తిని స్తంభింపజేశారట. ఇంద్రుడు ధ్వజదండాన్ని ఎత్తి వారిని చెదరగొట్టాడట. నాటి నుండి ఆ దండం జర్జరమనే పేరుతో రంగస్థలానికి రక్ష అయింది. నాటకం మొదలు కావడానికి ముందు తెర వెనుక వాద్యాలు సవరించడం, నాంది పలకడం, జర్జరాన్ని పూజించడం మొదలైన విధులన్నింటినీ కలిపి పూర్వరంగం అన్నారు. అంటే నాటకానికి ముందరి ఘట్టం కేవలం అలంకారం కాదు. అక్కడ అపాయం పొంచి ఉందనీ, దానిని దాటిన తరువాతనే కథలోకి ప్రవేశించాలనీ పూర్వులు భావించారు.

భారతీయ చలనచిత్ర సంస్థలు తమ ముద్రలను రూపొందించుకొన్నప్పుడు తెలిసో తెలియకో ఈ పూర్వరంగాన్నే తెరపైకి తెచ్చాయి. 1929లో కొల్హాపూర్‌లో ఆరంభమై, 1933లో పుణెకు తరలిన ప్రభాత్ సంస్థకు వంపు తిరిగిన తుతారీ అనే కొమ్మువాద్యాన్ని ఊదే స్త్రీమూర్తి గుర్తు. 1931లో కలకత్తాలో బి.ఎన్. సర్కార్ స్థాపించిన న్యూ థియేటర్స్‌కు ఏనుగు గుర్తు. 1940లో మద్రాసులో ఎస్.ఎస్. వాసన్ నెలకొల్పిన జెమిని స్టూడియోకు, మిథునరాశి పేరుకు తగినట్లు, ఇద్దరు పసిబాలురు బాకాలూదుతూ కనిపిస్తారు. కొమ్ములు, బాకాలు, శంఖాలు, ఏనుగులు: ఇవన్నీ రాజు రాకను, దేవుని ఊరేగింపును చాటే వస్తువులు. అవి వినిపించినప్పుడు దారిలో ఉన్నవారు పక్కకు తొలగాలి. తొలగడానికి చోటులేని చీకటి హాలులో అవి వినిపించినప్పుడు పిల్లవాడు ఉలిక్కిపడడంలో వింత లేదు.

తెలుగు సంస్థలూ ఇదే దారిలో నడిచాయి. 'షావుకారు', 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' వంటి చిత్రాలను అందించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థకు జెండాపై కపిరాజు ముద్ర అయినాడు. విజయుడంటే అర్జునుడు, అర్జునుని రథానికి ఉన్నది కపిధ్వజం. ఆ పేరుకు ఆ గుర్తు ఎంత సహజంగా అమరిందో మహాభారతం తెలిసిన ప్రేక్షకునికి వెంటనే స్ఫురిస్తుంది. 1974లో సి. అశ్వనీదత్ నెలకొల్పిన సంస్థకు ఎన్.టి. రామారావు వైజయంతి అని విష్ణుమూర్తి మాల పేరు పెట్టగా, శంఖం పూరించే కృష్ణుని వేషంలో ఆయన రూపమే దానికి ముద్ర అయింది. తెరపై కృష్ణుణ్ణి రామారావులోనే దర్శించుకొన్న ప్రేక్షకులు ఆ ముద్రకు చేతులు జోడించినా ఆశ్చర్యం లేదు. పెద్దల చేతులు జోడింపజేసిన బొమ్మే పిల్లలను బెదిరించడం గమనింపదగిన విషయం. భక్తికీ భయానికీ మధ్య దూరం చాలా తక్కువ.

భరతుడు రసాలను వివరిస్తూ భయానకానికి భయం స్థాయీభావమని చెప్పాడు. ఆ రసాన్ని పుట్టించే విభావాలలో ఆయన మొట్టమొదట పేర్కొన్నది వికృతమైన ధ్వనిని. దాని తరువాతనే భూతప్రేతాల దర్శనం, శూన్యగృహం, అరణ్యం మొదలైనవి వస్తాయి. భయానకానికి ఆయన చెప్పిన వర్ణం నలుపు. కటికచీకటి, దానిలో అకస్మాత్తుగా వినిపించే వింత ధ్వని, కనిపించే పెద్ద ఆకారం: రెండు వేల ఏండ్ల క్రిందట భరతుడు చెప్పిన సామగ్రి అంతా సినిమా హాలులో తొలి నిమిషంలోనే సిద్ధంగా ఉంది.

పాశ్చాత్య మనస్తత్వవేత్తలు మరొక వైపు నుండి ఈ విషయాన్ని పరిశీలించారు. ఒక వస్తువు ప్రాణం ఉన్నదో లేనిదో తేలని స్థితి మనిషిలో ఒక విధమైన కలవరాన్ని పుట్టిస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎర్న్‌స్ట్ యెంచ్ 1906లో ప్రతిపాదించాడు. మైనపు బొమ్మలు, యంత్రశక్తితో కదిలే బొమ్మలు దీనికి ఉదాహరణలు. 1919లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ చర్చను ముందుకు తీసుకొని వెళ్లి, బాగా తెలిసిన దానిలోనే అపరిచితమైనదేదో తొంగిచూచినప్పుడు ఆ కలవరం కలుగుతుందన్నాడు. నిర్మాణ సంస్థల ముద్రలకు ఈ మాటలు చక్కగా వర్తిస్తాయి. జెమిని బాలురు పసివారే. ప్రతి ఇంటిలో కనిపించే రూపాలే. కాని వారు నవ్వరు, ఏడ్వరు, కనురెప్ప వేయరు. వారి బాకా మాత్రం మ్రోగుతుంది. బొమ్మ అనుకొందామా, ధ్వని వస్తున్నది. మనుషులు అనుకొందామా, చలనం లేదు. ఈ రెండింటి మధ్య చిక్కుకొన్న పసిమనస్సు కళ్లు మూసుకొంటుంది.

కథలోని రాక్షసునికీ ఈ ముద్రకూ గల భేదం కూడా ఇక్కడే ఉంది. రాక్షసుడు కథానాయకుణ్ణి చూస్తాడు, అతనితోనే పోరాడుతాడు. ప్రేక్షకుడు పక్కనుండి చూసే సాక్షి మాత్రమే. అతనిని కాపాడడానికి కథ ఉంది, కథలో నాయకుడు ఉన్నాడు, చివరకు ధర్మమే గెలుస్తుందన్న నమ్మకం ఉంది. సంస్థ ముద్రకు కథ లేదు, నాయకుడు లేడు, ముందువెనుకలు లేవు. అది సూటిగా ప్రేక్షకుని వైపే తిరిగి ఉంటుంది. ఎందుకు వచ్చిందో చెప్పదు. ఎవరితో మాట్లాడుతున్నదో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. తనకు ఏ పరిచయమూ లేని ఒక మహాకాయం తననే ఉద్దేశించి ఏదో ప్రకటిస్తున్నదని పిల్లవాడు గ్రహిస్తాడు. ఆ గ్రహింపులో పొరపాటు ఏమీ లేదు.

ముద్రలు ఈ పట్టణాల నిత్యజీవితంలోనూ ఉండేవి. బీడీ కట్టపై అతికించిన చీటీకి ఒక బొమ్మ, అగ్గిపెట్టెకు ఒక బొమ్మ, బట్టల దుకాణంలో విప్పిన తానుకు అంచున ఒక ముద్ర. వాటిని చూసి ఏ పిల్లవాడూ భయపడలేదు సరికదా, అగ్గిపెట్టె బొమ్మలను ఏరి దాచుకొన్నవారు ఎందరో. ఎందుకంటే ఆ ముద్రలు అరచేతిలో ఇమిడేవి. చూడదలచినప్పుడు చూసి, వద్దనుకొన్నప్పుడు జేబులో వేసుకోవచ్చు. తెరపై ముద్రతో ఆ స్వేచ్ఛ లేదు. అక్కడ మనిషి చేతిలో ముద్ర ఉండదు. ముద్ర ఎదుట మనిషి ఉంటాడు. పరిమాణం మారగానే సంబంధం తలక్రిందులవుతుంది.

ఇక ఈ చిన్న పట్టణాలకు ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. అది యంత్రాలకూ, వ్యాపారానికీ సంబంధించినది. చలనచిత్రాలు డిజిటల్ రూపం పొందక మునుపు ప్రతి చిత్రమూ 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ముపై ముద్రితమై, రీళ్లుగా చుట్టి, రేకు డబ్బాలలో ఊరూరికీ ప్రయాణించేది. వెయ్యి అడుగుల రీలు సుమారు పదకొండు నిమిషాలు నడుస్తుంది. ప్రింట్లు తయారు చేయడం ఖర్చుతో కూడిన పని కనుక వాటి సంఖ్య పరిమితంగా ఉండేది. ముందుగా నగరాలలో, పెద్ద కేంద్రాలలో ఆడిన ప్రింట్లే కొన్ని వారాల తరువాత, కొన్ని సందర్భాలలో నెలల తరువాత, చిన్న కేంద్రాలకు చేరేవి. హైదరాబాదులో మెరిసిన ప్రింటు కోరుట్లకు వచ్చేసరికి వందల ఆటలు ఆడి అలసిపోయి ఉండేది.

ఫిల్ము అరిగినప్పుడు అంతటా సమానంగా అరగదు. రీలు మొదలు, చివర ఎక్కువగా దెబ్బతింటాయి. ప్రతి ఆటకూ రీలును యంత్రానికి ఎక్కించేటప్పుడు ఆపరేటరు చేతివ్రేళ్లు, పళ్లచక్రాలు, దుమ్ము తగిలేది ఆ భాగానికే. తెగిన చోట ముక్క తీసి అతికించేదీ అక్కడే. మొదటి రీలు మొదట్లో ఉన్నది సెన్సారు ధ్రువపత్రమూ, సంస్థ ముద్రా కనుక, చిత్రం మొత్తంలో గీతలు ఎక్కువగా పడేది వాటి మీదనే. ధ్వని కూడా బొమ్మల పక్కనే సన్నని చారగా ఫిల్ముపైనే ముద్రితమై ఉంటుంది. ఆ చారపై పడిన ప్రతి గీతా చిటచిటగా, ప్రతి అతుకూ ఢామ్మన్న శబ్దంగా వినిపిస్తుంది. యంత్రం వేగం నిలకడగా లేకపోతే బాకా స్వరం జారి మూలుగులా మారుతుంది. కార్బన్ కడ్డీల మధ్య మంట అప్పుడే రాజుకొంటున్నందున వెలుగు కూడా తొలి క్షణాలలో తడబడేది.

కాబట్టి మద్రాసులో నిండుగా మ్రోగిన జెమిని బాకా సిరిసిల్లలో కీచుమని, చిటపటలాడుతూ, నడుమ ఒక స్వరం ఎగిరిపోయి వినిపించి ఉండవచ్చు. విజయావారి జెండా గీతల వానలో తడుస్తూ ఎగిరి ఉండవచ్చు. భరతుడు చెప్పిన వికృతధ్వనిని ఏ సంగీత దర్శకుడూ కల్పించలేదు; వ్యాపారపు మెట్ల వరుసలో చివరి మెట్టున నిలవడం కల్పించింది. చిన్న ఊరి పిల్లవాడు నగరపు పిల్లవాని కంటే పిరికివాడు కాడు. అతనికి చేరిన బొమ్మే వేరు.

భయం పుట్టించిన ఆ బొమ్మల వెనుక ఉన్న మనుషులను గురించి తెలిసినకొద్దీ వాటి రూపం మారుతుంది. బొంబాయి నుండి వచ్చిన మెహబూబ్ ప్రొడక్షన్స్ చిత్రాల ఆరంభంలో సుత్తి, కొడవలి కనిపించి, గంభీరమైన కంఠంతో ఒక ఉర్దూ ద్విపద వినిపించేది. శత్రువులు ఎంత కీడు తలపెట్టినా దైవం తలచినదే జరుగుతుందని దాని సారాంశం. శ్రమకు సంకేతమైన గుర్తూ, విధిని నమ్మిన మాటా ఒకే చోట చేరడం విచిత్రం. 1948 వరకు నైజాం రాజ్యంలో ఉర్దూ బోధనభాష కనుక ఈ ప్రాంతంలో చదువుకొన్న పెద్దలకు ఆ మాటలు సులభంగానే అర్థమై ఉంటాయి. పక్కనే కూర్చున్న పిల్లవానికి అర్థమైనది ఉరుము వంటి కంఠం ఒక్కటే. పెద్దలు ఆ అర్థాన్ని చెవిలో చెప్పి ఉంటే అతని భయం సగమై ఉండేది.

మరికొన్ని ముద్రలు మరింత ఆత్మీయమైనవి. రాజ్‌కపూర్ 1949లో తీసిన 'బర్సాత్' చిత్రంలోని ఒక దృశ్యమే ఆర్.కె. ఫిల్మ్స్‌కు గుర్తు అయింది. ఒక చేతిలో వయొలిన్, మరొక చేతిపై వాలిన ప్రియురాలు. సంగీతాన్నీ ప్రేమనూ రెండు చేతులతో మోసిన కళాకారుని ప్రతిమ అది. డి. రామానాయుడు 1964లో 'రాముడు భీముడు' నిర్మించిన సురేష్ ప్రొడక్షన్స్ ముద్రలో సంస్థ పేరులోని రెండు ఆంగ్లాక్షరాలపై ఇద్దరు బాలురు నిలబడి ఉంటారు. వారు ఆయన కుమారులే. సంస్థ పేరే పెద్ద కుమారునిది. ఒక తండ్రి తన పిల్లలను తెరపై నిలబెట్టి తన వ్యాపారానికి శుభం కోరుకొన్నాడన్నమాట. ఆ సంగతి తెలిసిన తరువాత అక్కడ కనిపించేది వింత ఆకారాలు కావు, బిడ్డలపై మమకారం.

సిరిసిల్ల ప్రేక్షకులకు మరొక విధమైన పరిచయం కూడా కలిగింది. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో 1931లో జన్మించి, సిరిసిల్లలోనూ కరీంనగర్‌లోనూ ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి 1962లో వచ్చిన 'గులేబకావళి కథ'తో సినీగేయకవి అయినారు. ఆ చిత్రంలోని పాటలన్నీ ఆయనవే. 1988లో ఆయనకు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. దూరాన మద్రాసులో పుట్టిన ముద్ర ముందు కనిపించి, ఆ వెనుక వచ్చే పేర్లలో తమ ఊరిబడిలో చదివిన వ్యక్తి పేరు కనిపించినప్పుడు తెరకూ ఊరికీ మధ్య దూరం తగ్గింది. అపరిచితుని ఇంటి గడప లోపల బంధువు ఎదురైనట్లయింది.

ముద్రలు చిరకాలం నిలుస్తాయని వాటిని చేయించినవారు భావించారు. నిలిచినవి కొన్ని ముద్రలే. సంస్థలు చాలావరకు నిలవలేదు. ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో చలనచిత్ర శిక్షణ సంస్థ ఏర్పడింది. 'బాలనాగమ్మ', 'చంద్రలేఖ' వంటి చిత్రాలతో దక్షిణదేశాన్ని ఉర్రూతలూగించిన వాసన్ 1969లో మరణించారు. ఆయన స్టూడియో ఇప్పుడు లేదు. 1973లో దాని సమీపాన కట్టిన వంతెనకు ప్రభుత్వం అన్నా పేరు పెట్టినా, జనం నోట అది జెమిని వంతెన గానే నిలిచింది. ఆర్.కె. స్టూడియో 2017లో అగ్నికి ఆహుతై, ఆ తరువాత రెండేండ్లకు గృహనిర్మాణ సంస్థ చేతికి పోయింది. యజమాని లేడు, ఇల్లు లేదు. కాని పాత చిత్రం వేసిన ప్రతిసారీ ద్వారపాలకుడు మాత్రం వచ్చి బాకా ఊదుతున్నాడు. ఇప్పుడు ఆ ముద్రలు కలిగించే కలవరానికి ఇది కొత్త కారణం. వాటిలో ఒక తరం అదృశ్యమైన జాడ ఉంది.

అందరు ద్వారపాలకులకు ఆ భాగ్యం కూడా దక్కలేదు. 1931లో వెలువడిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటి కూడా మిగలలేదు. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము తేలికగా అంటుకొనే పదార్థం. గోదాములు తగులబడి కొన్ని చిత్రాలు పోగా, ఫిల్ములోని వెండి కోసం కరిగించడంతో మరికొన్ని పోయాయి. 1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడేనాటికే జరగవలసిన నష్టం చాలా జరిగింది. మిగిలిన ప్రింట్లలోనూ రీలు మొదలు అరిగి తెగిపోయినప్పుడు ముందుగా నష్టమయ్యేది సంస్థ ముద్రే. కథ దొరికితే చాలుననుకొనేవారికి అది నష్టంగా తోచదు. కాని తొలిపుట చినిగిన గ్రంథానికి కర్త పేరు ఎలా తెలియకుండా పోతుందో, ముద్ర పోయిన చిత్రానికీ అలాంటి లోటే కలుగుతుంది.

సినిమా హాలు నుండి ఈ అనుభవం టెలివిజన్ ద్వారా ఇంటిలోకి వచ్చింది. 1976లో ఆకాశవాణి నుండి దూరదర్శన్ వేరుపడింది. దాని ప్రసారాల ఆరంభంలో రెండు వంపులు గుండ్రంగా తిరుగుతూ వచ్చి కంటి ఆకారంలో స్థిరపడేవి. వెనుక పండిత్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కూర్చిన మందగతి రాగం వినిపించేది. మధురమైన ఆ రాగమే నిశ్శబ్దమైన ఇంటిలో కొందరు పిల్లలకు దిగులు పుట్టించేది. అక్కడ కూడా కథ లేదు. తమ వైపే చూస్తున్న ఒక కన్ను ఉంది.

నేటి ముద్రలు అలాంటివి కావు. చరవాణి తెరపై వందల సంస్థల గుర్తులు రంగురంగుల చిన్న చతురస్రాలుగా బారులు తీరి ఉంటాయి. అవి నునుపుగా, ముద్దుగా, స్నేహితుల వలె కనిపిస్తాయి. వాటి రాకను చాటే ధ్వని కూడా చెవికి ఇంపుగా ఉంటుంది. డిజిటల్ ప్రదర్శనలో గీతలు లేవు, చిటపటలు లేవు. వాటిని చూసి ఏ పసివాడూ కొంగు చాటుకు పోడు. పైగా చేయి చాచి తాకుతాడు. అగ్గిపెట్టె బొమ్మ వలె అవి తిరిగి అరచేతిలోకి వచ్చాయి. కాని అగ్గిపెట్టె బొమ్మ తనను చూసినవానిని గురించి ఏమీ తెలుసుకొనేది కాదు. ఈ ముద్రలలో చాలావాటి వెనుక ఉన్న సంస్థలు చూసేవాని ఇష్టాయిష్టాలను, అతడు గడిపే కాలాన్ని లెక్కకట్టి దాచుకొంటాయి. మునుపటి ముద్ర ఉరిమినా హాని చేయలేదు. నేటి ముద్ర నవ్వుతూ పలకరిస్తుంది కనుక ఎవరూ దానిని ప్రశ్నించరు.

ఈ భేదాన్ని బట్టి చూస్తే పాత ముద్రల భయంలో ఒక నిజాయితీ కనిపిస్తుంది. చీకటిలో నిలువెత్తున నిలిచి, బాకా ఊది, పేరు చెప్పుకొని, ఇకపై మూడు గంటలపాటు నీ కళ్లూ చెవులూ నా అధీనంలో ఉంటాయని ఆ ముద్ర బహిరంగంగా చాటింది. పిల్లవాడు ఆ ప్రకటనను విన్నాడు, బెదిరాడు, ఆ తరువాత తన ఇష్టంతోనే తల ఎత్తి కథ చూశాడు. ఎవరో అపరిచితులు తనతో మాట్లాడబోతున్నారన్న ఎరుక అతనికి కలిగింది. దృశ్యాన్ని చదవడంలో తొలి పాఠం ఆ ఎరుకే. భయం ఆ పాఠానికి ఆరంభం; ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి కోసం చేశారు అని అడగడం దాని కొనసాగింపు.

పాత చిత్రాలు నేడు అంతర్జాలంలో సులభంగా లభిస్తున్నాయి. వాటిని చూసే యువకులు తొలి అర నిమిషాన్ని వేలితో నెట్టివేసి కథలోకి పోవడం అలవాటు చేసుకొన్నారు. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో చదివే విద్యార్థి ఒక్కసారి ఆ అర నిమిషాన్ని ఆగి చూడవచ్చు. ఇంట్లోని తాతనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకొని చూస్తే మరీ మంచిది. ఆ ముద్రను వారు ఏ హాలులో చూశారో, ఏ పని ముగించుకొని వచ్చి చూశారో, చూసి కళ్లు మూసుకొన్నారో చేతులు జోడించారో అడగవచ్చు. ఆ సమాధానాలు ఏ భాండాగారంలోనూ లేవు. వాటిని చెప్పగలవారు ఇంకా ఆ ఇళ్లలోనే ఉన్నారు.